పిల్లల చేతిలోంచి దెయ్యం పుస్తకం లాక్కోకండి

బళ్లారిలో మొన్నొక ఆదివారం, రోడ్డు పక్కన పాత పుస్తకాలు పరిచి అమ్మేచోట నిలబడ్డాను. పదేళ్ల పిల్లవాడొకడు ఆ కుప్పలో చేయి పెట్టి పలచటి ఇంగ్లీషు పుస్తకమొకటి లాగాడు. అట్ట మీద పళ్లు బయటపెట్టిన ఆకుపచ్చ మొహం. ‘నాయనా, ఇది తీసియ్యి’ అన్నాడు. తండ్రి ఒక్క చూపు చూసి, ‘ఏందిరా ఇది, దెయ్యాల పుస్తకమా? రాత్రి ఒక్కనివే పండుకోవు, నీకు దెయ్యాలు కావాల్నా? పెట్టెయ్ అక్కడ. జనరల్ నాలెడ్జిది ఏదన్నా చూడు’ అన్నాడు. పిల్లవాడు పెట్టేశాడు. జనరల్ నాలెడ్జి పుస్తకం కొన్నారు. దాన్ని తండ్రే పట్టుకుని నడిచాడు. పిల్లవాడు దాని వంకైనా చూడలేదు.

ఆ తండ్రి చెడ్డవాడేం కాదు. పిల్లవాడు బాగుపడాలనే ఆయన తాపత్రయం. కానీ ఆ రోజు ఒక పాఠకుడు పుట్టబోయి ఆగిపోయాడేమోనని నా బాధ. ఎందుకంటే కుప్పలోకి తిరిగి వెళ్లిన ఆ పుస్తకం ‘గూస్‌బంప్స్’ వరసలోది. అంటే మన భాషలో ఒళ్లు జలదరించడం. రాసినాయన ఆర్.ఎల్. స్టైన్. ఆయన జీవితమే ఆ తండ్రికి జవాబు.

సెలూన్‌లో మొదలైన చదువు

రాబర్ట్ లారెన్స్ స్టైన్ 1943 అక్టోబర్ 8న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో పుట్టారు. తండ్రి సరుకుల రవాణా కంపెనీలో గుమాస్తా. డబ్బున్నవాళ్ల ఊళ్లో డబ్బులేని ఇల్లు. పిల్లవాడు మహా పిరికి. రాత్రిపూట సైకిలు షెడ్డులో పెట్టాలంటే లోపల ఏదో పొంచి ఉందని భయం. సైకిలు లోపలికి విసిరేసి ఇంట్లోకి పరుగెత్తేవాణ్నని ఆయనే చెప్పుకున్నారు.

తొమ్మిదేళ్ల వయసులో ఇంటి అటక మీద పాత టైపు మిషను ఒకటి దొరికింది. అంతే, గదిలో కూర్చుని టకటకలాడించడమే పని. జోకులు, బొమ్మల కథలు, చిన్న చిన్న పత్రికలు. బయటికెళ్లి ఆడుకోరాదా అని తల్లి గొడవ. మన ఇళ్లలో వినపడే మాటే కదా!

ఆ రోజుల్లో అమెరికాలో భయానక బొమ్మల పుస్తకాలు తెగ అమ్ముడయ్యేవి. అవి ఇంట్లోకి తేవడానికి వీల్లేదంది తల్లి. ఊళ్లో సెలూన్‌లో మాత్రం గుట్టగా ఉండేవి. పిల్లవాడు ప్రతి శనివారం క్షవరానికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఊళ్లో అందరికంటే పొట్టి జుట్టు తనదేనని ఆయన ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. వద్దన్నా చదివాడన్నమాట. దొంగతనంగా చదివాడు, అంతే తేడా.

ఇక్కడ ఇంకొకరి సంగతి చెప్పాలి. ఆ ఊరి గ్రంథాలయంలో ఒక లైబ్రేరియనమ్మ ఉండేది. ఈ కుర్రాడికి బొమ్మల పుస్తకాల పిచ్చి ఉందని ఆమెకు తెలుసు. ఛీ అనలేదు. మంచి పుస్తకాలు చదవమని ఉపన్యాసం ఇవ్వలేదు. నీకు నచ్చేది ఒకటి చూపిస్తా రమ్మని తీసుకెళ్లి, రే బ్రాడ్‌బరీ కథల పుస్తకాలున్న అర ముందు నిలబెట్టింది. తనను పాఠకుణ్ని చేసింది ఆ అరేనని స్టైన్ ఎన్నోచోట్ల చెప్పారు. ఈ వ్యాసంలో మీరు ఒక్క సంగతే గుర్తుపెట్టుకుంటానంటే, ఈ లైబ్రేరియనమ్మను గుర్తుపెట్టుకోండి.

ఉద్యోగం ఊడాక వచ్చిన దెయ్యం

స్టైన్ మొదలుపెట్టింది భయంతో కాదు, నవ్వుతో. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చదువుతూ అక్కడి హాస్యపత్రికకు మూడేళ్లు సంపాదకుడిగా ఉన్నారు. 1965లో పట్టా పుచ్చుకున్నారు. కొన్నాళ్లు పంతులు పని చేశారు. న్యూయార్క్ వెళ్లి కూల్‌డ్రింకుల వ్యాపారం గురించిన పత్రికలో కూడా పనిచేశారు. 1968లో స్కొలాస్టిక్ అనే పిల్లల పుస్తకాల సంస్థలో చేరారు. అక్కడ ‘బనానాస్’ అనే హాస్యపత్రిక నడిపారు. ‘జోవియల్ బాబ్’ పేరుతో పిల్లలకు జోకుల పుస్తకాలు రాశారు. మన భాషలో ‘నవ్వుల బాబ్’ అనుకోండి.

1980ల నడుమ ఆ ఉద్యోగం పోయింది. వయసు నలభై దాటింది. ఇంట్లో చిన్నపిల్లవాడు. అప్పుడాయన ఏ పని దొరికితే ఆ పని చేశారు. బబుల్‌గమ్ కార్డుల మీద మాటలు రాశారు. పిల్లలు రంగులు వేసుకునే పుస్తకాలకు కూడా రాశారు. అభిమానం అడ్డుపెట్టుకుని కూర్చోలేదు.

ఒకరోజు జీన్ ఫైవెల్ అనే సంపాదకురాలు భోజనాల దగ్గర, కుర్రకారుకు ఒక భయానక నవల రాసిపెట్టమని అడిగారు. పుస్తకం పేరు కూడా ఆమే చెప్పారు. అసలు అటువంటి నవల ఎలా ఉంటుందో స్టైన్‌కు తెలియదు. పుస్తకాల షాపుకు పరుగెత్తి, ఇతరులు ఏం రాస్తున్నారో చదివి వచ్చి రాశారు. అదే 1986లో వచ్చిన ‘బ్లైండ్ డేట్’. బాగా అమ్ముడయింది. 1989లో ‘ఫియర్ స్ట్రీట్’ వరస మొదలైంది.

ఆ తర్వాత చిన్నపిల్లలకు కూడా రాయమని అడిగింది ఆయన భార్య జేన్. ఆమె ఒక స్నేహితురాలితో కలిసి పుస్తకాలు తయారుచేసే సంస్థ నడిపేది. స్టైన్ ముందు వద్దన్నారు. పెద్దపిల్లల పాఠకులు పోతారని భయం. మంచి పేరు దొరికితే చూద్దామన్నారు. ఒకరోజు టీవీ కార్యక్రమాల పత్రిక తిరగేస్తుంటే ఒక చానల్ ప్రకటనలో ‘గూస్‌బంప్స్’ అనే మాట కనిపించింది. పేరు దొరికింది.

1992 జూలైలో మొదటి పుస్తకం ‘వెల్కమ్ టు డెడ్ హౌస్’ వచ్చింది. కొన్ని నెలలు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఒక పిల్లవాడు ఇంకో పిల్లవాడికి చెప్పాడు, ఆ పిల్లవాడు బడి మొత్తానికి చెప్పాడు. పుస్తకం అంటేనే మొహం తిప్పుకునే మగపిల్లలు కూడా ఎగబడ్డారు. 1997 దాకా ఆ మొదటి వరసలోనే 62 పుస్తకాలు వచ్చాయి. ఆ రోజుల్లో నెలకు రెండు పుస్తకాలు రాశానని ఆయన అంటారు. ఈ వరస ఇప్పటికి 40 కోట్ల ప్రతులు దాటిందని లెక్క. ఏ పండితుడూ మెచ్చుకుని నిలబెట్టిన పుస్తకాలు కావు ఇవి. నిలబెట్టింది పిల్లలే.

గీత దాటని భయం

అంత భయంకరమైన వాటిని పిల్లలకిస్తారా అని అక్కడా గొడవ జరిగింది. 1990ల్లో అమెరికా గ్రంథాలయాల్లో ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో గూస్‌బంప్స్ మొదటి ఇరవైలో ఉంది. 1997లో మినెసోటా రాష్ట్రంలో బడి గ్రంథాలయం నుంచి వీటిని తీసేయాలని ఫిర్యాదు వస్తే విచారణ కూడా జరిపారు. చివరికి పుస్తకాలు ఉంచాలనే తేల్చారు.

నిజానికి స్టైన్ తనకు తాను గీసుకున్న గీతలు మనం గీసేవాటికంటే గట్టివి. ఆయన పిల్లల కథల్లో తుపాకులుండవు, మత్తుమందులుండవు. అమ్మానాన్నలు విడిపోవడం లాంటి నిజమైన కష్టాలు రావు. ఇదంతా కల్పన, ఇలా జరగదు అని పిల్లవాడికి ముందే తెలియాలి, అప్పుడే భయపెట్టాలి అంటారు. బొమ్మ మాట్లాడుతుంది, ముసుగు మొహానికి అతుక్కుపోతుంది. అధ్యాయం చివర గుండె ఆగినంత పని చేసి, తర్వాతి పేజీలో అది తమ్ముడు చేసిన ఆకతాయి పని అని నవ్విస్తారు. ముసుగు కథ ఎలా పుట్టిందో తెలుసా? ఆయన కొడుకు ఒకసారి ముసుగు వేసుకుని తల బయటికి రాక తంటాలు పడ్డాడట. అది చూసి పుట్టిన కథ. ఆ కొడుకేమో నాన్న రాసిన గూస్‌బంప్స్ ఒక్కటీ చదవలేదు! ఆ మాట చెప్పుకుని నవ్వడమే గానీ స్టైన్ చదవమని మెడ మీద కూర్చోలేదు.

అంతా గొప్పే అనను. నెలకో పుస్తకం వచ్చేచోట ఒకే అచ్చులో పోసిన కథలూ ఉంటాయి. పది చదివితే పదకొండోదాని ముగింపు ఊహించవచ్చు. 1997 నాటికి అమ్మకాలు పడిపోయాయి. ప్రచురణ సంస్థకూ, జేన్ వాళ్ల సంస్థకూ డబ్బు దగ్గర పేచీలు వచ్చి, 2003లో గాని తెగలేదు. ఇది సాహిత్యమా అని అడిగితే వాదించను. కానీ మెట్టు మెట్టే. మొదటి మెట్టు ఎక్కనివాణ్ని మేడ మీదికి ఎలా తీసుకెళతాం?

మన భుజం మీది బేతాళుడు

అయినా దెయ్యాల పుస్తకం వద్దనే మనం ఏం చదివి పెద్దవాళ్లమయ్యాం? 1947లో మద్రాసులో పుట్టిన చందమామ చదివి. నెల నెలా అందులో ఏముండేది? అర్ధరాత్రి శ్మశానం, చెట్టుకు వేలాడే శవం, ఆ శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే రాజు. ఆ బొమ్మ గీసింది తమిళుడైన శంకర్. 2020లో ఆయన కన్నుమూసినప్పుడు మనలో ఎందరు ఆ బొమ్మను తలుచుకోలేదు? మన పెద్దవాళ్లు ఆ పత్రికను మన చేతిలోంచి లాక్కోలేదు. మనం చదివేశాక వాళ్లూ చదివేవాళ్లు. శవం మోసిన రాజును చూసి మనమేం చెడిపోలేదు. అక్షరం పట్టుబడింది. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. దాని చోట మన పిల్లల చేతికి ఏమిచ్చాం? ఫోన్.

ఇంకో సంగతి. స్టైన్ పుస్తకాలు అక్కడ కోట్లలో అమ్ముడవుతున్న ఆ 1990ల్లోనే ఇక్కడ మనమేం చేశామో మరిచిపోయారా? ఇటు కన్నడ ఊళ్లలో తలుపుల మీద ‘నాళె బా’ అని, అటు తెలుగు ఊళ్లలో ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నాం. రాత్రిపూట తెలిసినవాళ్ల గొంతుతో దెయ్యం తలుపు తడుతుందని పెద్దవాళ్లే చెప్పుకున్నారు. పిల్లలు దుప్పట్లో ముడుచుకుని విన్నారు.

రెండు భయాలకూ తేడా చూడండి. వదంతికి చివరి పేజీ ఉండదు. ఎవరు చెప్పారో తెలియదు, ఎప్పుడు పోతుందో తెలియదు, పెద్దవాళ్లే నమ్ముతుంటే పిల్లవాడు ఎవర్ని అడగాలి? పుస్తకంలో భయం అలా కాదు. దానికి అట్ట ఉంది, ఎన్ని పేజీలో లెక్క ఉంది. భయమేస్తే మూసేయవచ్చు. ధైర్యం వచ్చాక మళ్లీ తెరవవచ్చు. భయాన్ని చేతిలో పట్టుకుని, చివరిదాకా వెళ్లి, ఏమీ కాలేదని తెలుసుకుని బయటికి రావడం పిల్లవాడికి ఒక సాధన. రాత్రి ఒక్కడే పడుకోలేని పిల్లవాడికి ఆ పుస్తకం వద్దన్నాం సరే, ఆ భయం పోవడానికి ఇంకేమిచ్చాం? ‘పడుకోకపోతే బూచోడొస్తాడు’ అని ఇంకో భయం.

అందరు పిల్లలూ ఒకేలా ఉండరన్నది నిజమే. కొందరు చదివి రాత్రి ఉలిక్కిపడవచ్చు. అలాంటప్పుడు పక్కన కూర్చుని కలిసి చదవండి. వద్దంటే ఆపేయండి. ఆరేళ్లవాడికి ఇవ్వాల్సిందీ, పదేళ్లవాడికి ఇవ్వాల్సిందీ ఒకటి కాదు. అది చూసుకోవాల్సింది మనమే. చూసుకోవడం వేరు, లాక్కోవడం వేరు.

స్టైన్‌కు ఎనభై దాటాయి. ఇంకా రాస్తూనే ఉన్నారు. 2014లో భయానక రచయితల సంఘం ఆయన జీవితకాల కృషికి బ్రామ్ స్టోకర్ పురస్కారం ఇచ్చింది. 2015లో గూస్‌బంప్స్ సినిమాగా వచ్చింది. 1990ల్లో చదివిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులై తమ పిల్లలకు కొనిస్తున్నారు. ఇదంతా ఎవరివల్ల? ఇంట్లో వద్దన్న పుస్తకాన్ని తన షాపులో చదువుకోనిచ్చిన సెలూన్‌వాడివల్ల. ఇంకో అర చూపించిన లైబ్రేరియనమ్మవల్ల.

మన ఊళ్లలో అలాంటి అరలు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. కనీసం ఇంట్లో మనమే ఆ లైబ్రేరియన్ కావచ్చు కదా. పిల్లవాడు దెయ్యం పుస్తకం తెస్తే ముందు చదవనివ్వండి. చదివాక కథ చెప్పించుకోండి. తర్వాత బేతాళుడి సంగతి మీరు చెప్పండి. పాత చందమామలు అటక మీద ఉంటే దించి, దుమ్ము దులిపి, చదివి వినిపించండి. ఆ పక్కన ఇంకోటి పెట్టండి.

జనరల్ నాలెడ్జి ఎక్కడికీ పోదు. చదవడం అలవాటైనవాడు దాన్ని రేపైనా చదువుతాడు. చదవడమే చేదైపోయినవాడికి మాత్రం మనం ఏ పుస్తకం కొనిపెట్టినా, చివరికి దాన్ని మోసేది మనమే.