అప్పిచ్చు ఉద్యోగి పనిని కొలుచు తీరు

సంఘములో అప్పునకు విచారణ జరిపి, వాయిదా నాటికి వసూలు చేయు ఉద్యోగి పని మంచిదో కాదో దేనినిబట్టి నిర్ణయింపవలెను? ఇది పాలకవర్గమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్నయని సభ్యులు పలువురు తలచుచున్నారు. మా అభిప్రాయము వేరు. ఉద్యోగిని ఏ కొలతతో కొలిచెదమో ఆ కొలతకు తగినట్లే అతడు నడచును; దాని ఫలితము తుదకు రైతు గడపకే చేరును. కావున ఈ మాసము ఈ విషయమును సభ్యుల యెదుట నుంచుచున్నాము.

సహకారోద్యమపు తొలినాళ్లలో ఈ చిక్కు అంతగా లేదు. జర్మనీ దేశమున రైఫైజన్ నెలకొల్పిన గ్రామ ఋణసంఘములలో పాలకులు జీతము లేకయే పనిచేసిరి. లెక్కలు చూచువానికి మాత్రమే వేతనముండెను. ఊరు చిన్నది, ఎవరి చేను ఎంత పండినదో అందరికిని తెలియును. మద్రాసు ప్రభుత్వమునకు ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదిక ఈ పద్ధతినే కొనియాడెను. 1904 నాటి సహకార ఋణసంఘముల చట్టము ఆ బాటలో వెలువడినదే. నేడన్ననో ఒక్కొక్క సంఘము క్రింద పలు గ్రామములున్నవి. జీతము తీసికొను ఉద్యోగి లేనిదే పని జరుగదు. అతని పనిని కొలువనిదే సంఘము నిలువదు.

అయితే కొలత తప్పినచో నేమగునో మన రాష్ట్రమే చూచినది. 2006లో కృష్ణా జిల్లాలో సూక్ష్మఋణ సంస్థల శాఖలను అధికారులు మూయించిరి. ఆ పాఠము చాలలేదు. 2010 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఒకే ఇంటికి రెండు మూడు సంస్థలు అప్పులిచ్చుట సామాన్యమయ్యెను. ఊరూర తిరుగు ఉద్యోగి యోగ్యత, ఎందరికి అప్పిచ్చెను, వారమువారము ఎంత రాబట్టెను అను రెండంకెలతోనే తూచబడుచుండెను. వసూళ్లు నూటికి 99 వంతులున్నవని సంస్థలు చెప్పుకొనెను. ఒక సంస్థ వాయిదా తీర్చుటకు మరియొక సంస్థ అప్పు తెచ్చినను, పూచీ పడిన తోటి స్త్రీలు ఇంటిముందు కూర్చుండి ఒత్తిడి పెట్టినను, అంకె మాత్రము చక్కగానే కనబడెను. ఆత్మహత్యల వార్తలు వెలువడగా 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు జారీ చేసెను. అటుపిమ్మట వసూళ్లు నూటికి 10 వంతుల దరిదాపునకు పడిపోయెను. చట్టపు కట్టుబాట్లును, నాయకుల మాటలును ఇందుకు కొంత కారణమే. అయినను అన్ని సంవత్సరములు చూపిన ఆ 99 వంతులు రైతు కూలీల తీర్చు శక్తిని ఏమాత్రము తెలుపలేదని స్పష్టమైనది. ఇట్టి సంస్థల సిబ్బందికి ప్రతిఫలము నిర్ణయించునపుడు, అప్పుల సంఖ్యకన్నను వసూళ్ల శాతముకన్నను, సేవకును ఋణగ్రహీతల తృప్తికిని ఎక్కువ విలువ నీయవలెనని రిజర్వు బ్యాంకు 2012లో నిర్దేశించెను.

సహకార సంఘములు ఈ దోషమునకు అతీతములని గర్వింపరాదు. పాత అప్పు తీరినట్లు వ్రాసి, అదే దినమున క్రొత్త అప్పు ఇచ్చినట్లు వ్రాయు వాడుక సంఘములకు క్రొత్త కాదు. దీనిని బుక్ అడ్జస్ట్‌మెంటు అందురు. కొన్నియెడల రైతు వడ్డీవ్యాపారి యొద్ద రెండు దినములకు చేబదులు తెచ్చి సంఘమునకు కట్టును. క్రొత్త అప్పు చేతికి రాగానే అసలును, పైని కొంత సొమ్మును వ్యాపారికి ముట్టజెప్పును. సంఘము లెక్కలో బకాయి లేదు. ఉద్యోగికి మంచి పేరు. రైతు నెత్తిన మాత్రము బరువు పెరిగినది.

పుట్టపర్తి వంటి మెట్టసీమలో ఈ కొలత మరింత ప్రమాదకరము. పూర్వపు అనంతపురము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లే. అదియు వేళకు కురియదు. ఒక ఊరి చేను తడిసి, పొరుగూరి చేను ఎండుట మనము చూచునదే. వర్షాధారపు వేరుసెనగ రైతుకు ఏటికొకమారు సొమ్ము వచ్చును, రాకపోవచ్చును. బోరునీటితో మల్బరీ పెంచి హిందూపురము సంతకు పట్టుగూళ్లు తోలు రైతుకు ఏటికి పలుమారులు వచ్చును. ఇద్దరికిని ఒకే వాయిదా పెట్టి, ఇరువురి యొద్దను వసూలు చేయు ఉద్యోగులను ఒకే అంకెతో పోల్చుట న్యాయమా?

ఒక ఉదాహరణ మనుకొందము. కరవు సంవత్సరమున ఒక ఉద్యోగి రావలసిన నూరు రూపాయలకు 95 వసూలు చూపెను. అందు 60 అడ్జస్ట్‌మెంటు, 35 మాత్రమే నగదు. రెండవవాడు 70 చూపెను, అంతయు నగదే. మిగిలిన 30 ఏయే చేలు ఎండుటచే రాలేదో ముందుగానే పాలకవర్గమునకు తెలిపెను. శాతమును మాత్రమే చూచినచో బహుమానము మొదటివానికి, సంజాయిషీ నోటీసు రెండవవానికి. మరుసటి యేడు ఇద్దరును ఎవరి దారి పట్టుదురో చెప్పనక్కరలేదు.

కావున మా సూచన లివి. మొదటిది, నగదు వసూలును, తిరుగ వ్రాసిన అప్పును వేర్వేరుగా చూపవలెను. రెండవది, ఒక్క యేటి లెక్క చాలదు. మూడు నాలుగేండ్ల సగటును చూచి, సాటి వర్షము, సాటి నీటివసతి గల గ్రామములతోనే పోల్చవలెను. మూడవది, రిజర్వు బ్యాంకు 2018 నాటి నిర్దేశములలో పంట నష్టము 33 శాతము, అంతకు మించినచోట గడువు పొడిగించుటకు బ్యాంకులకు దారి చూపినది. అట్టి దారిని నిజాయితీగా వాడిన ఉద్యోగికి దానివలన మార్కు తగ్గరాదు. నాలుగవది, దరఖాస్తు పెట్టిన నాటినుండి సొమ్ము చేతికందువరకు ఎన్ని దినములు పట్టెనో లెక్కింపవలెను. విత్తు వేళ దాటిన పిమ్మట వచ్చిన అప్పు అప్పే కాని సాయము కాదు. అయిదవది, బహుమానము ఒక్కనికి గాక సిబ్బంది కంతకును కలిపి ఈయవలెను. అందు కొంత నిలిపి, ఇచ్చిన అప్పు నిలకడ తేలిన పిమ్మట ముట్టజెప్పవలెను.

ఇట్లు చేసినచో ఉద్యోగులు అలసులగుదురనియు, కట్టగలవారు కూడ ఎగవేయుదురనియు కొందరందురు. ఈ భయము వట్టిది కాదు. సంఘపు సొమ్ము సభ్యుల వాటాధనము, పొదుపు; దానిని రాబట్టనివాడు దయామయుడు కాడు. కలిగియుండి కట్టనివానిని గట్టిగా అడుగుటయు మంచి ఉద్యోగి లక్షణమే. అయితే లేనివానిని, ఇయ్యనివానిని వేరుగా గుర్తింపగల నేర్పే అతని పనిలోని సారము. ఆ నేర్పు వసూళ్ల శాతములో కనబడదు. చేను చూచివచ్చి వ్రాసిన నివేదికలో కనబడును. మరియు నెలజీతమే వేళకు అందని ఉద్యోగికి బహుమానపు ఆశ చూపుట నవ్వులపాటు. ముందు జీతము సక్రమముగా నీయవలెను.

రాబోవు మహాజనసభలో సభ్యులు ఒక్క ప్రశ్న అడుగవలెనని మా మనవి: ఈ యేటి వసూలులో నగదెంత, తిరుగ వ్రాసిన దెంత? ఆ జవాబు గ్రామములవారీగా నోటీసుబోర్డుపై వ్రాయబడిన నాడు, మంచి ఉద్యోగి యెవరో సభ్యులే గుర్తింపగలరు.