సొంత రేవు, ఊరి నీరు

ఉదయం తొమ్మిది గంటలకు అలప్పుళలోని పున్నమడ రేవులో రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి. రాత్రంతా హౌస్‌బోటులో గడిపిన పర్యాటకులు సూట్‌కేసులు పట్టుకుని దిగుతుంటారు. వాళ్ల వెనకే చీపుర్లు, బకెట్లు పట్టుకుని సిబ్బంది ఎక్కుతారు. మధ్యాహ్నం 12 గంటలకు కొత్త అతిథులు వచ్చేస్తారు. ఈ మూడు గంటల్లోనే పడక గదులు సర్దాలి, వంటగది కడగాలి, చేపల వేపుడు జిడ్డు పట్టిన డెక్కును అద్దంలా మెరిపించాలి. ఒకప్పుడు ఈ పనికి తాడు కట్టిన బకెట్టే ఆధారం. సొంత జెట్టీ ఉన్న యజమానులకు ఇప్పుడది నామోషీ. జెట్టీ మీద అర హార్స్‌పవర్ మోటారు పెట్టి, ఒక గొట్టం సరస్సులోకి, మరొకటి పడవ మీదికి వేస్తే సరి. స్విచ్చి వేయగానే వేంబనాడ్ సరస్సే పనిమనిషి అవుతుంది.

చూడటానికి ఇది వార్తకు పనికొచ్చే విషయం కాదు. రామ్‌సర్ గుర్తింపు పొందిన ఈ చిత్తడి నేల విస్తీర్ణం 1,500 చదరపు కిలోమీటర్లకు పైమాటే. అందులోంచి ఒక మోటారు తోడే నీరు ఏ లెక్కలోకీ రాదు. చిక్కల్లా తోడిన నీటితో కాదు, తిరిగి వెళ్లే నీటితో. సరస్సు నుంచి తీసుకున్న ప్రతి బొట్టూ డెక్కు మీద సబ్బును, నూనెను, ఎంగిలిని కలుపుకుని తిరిగి సరస్సులోకే జారుతుంది. తోడుకున్నవాడు ఒకడు, దాన్ని భరించేవాళ్లు వేరొకరు. జెట్టీ సొంతదే, కానీ దాని కిందున్న నీరు ఎవరిది? చిన్న మోటారు లేవనెత్తే పెద్ద ప్రశ్న ఇదే.

ముందు మోటారు సంగతి చూద్దాం. సరస్సు నీటిని తోడటం బావిలోంచి తోడినంత సులువు కాదు. లోతు సమస్యే లేదు. ఉపరితల మోటారు సిద్ధాంతం ప్రకారం సుమారు 10 మీటర్లు, ఆచరణలో ఆరేడు మీటర్ల లోతు నుంచి నీటిని పీల్చగలదు. జెట్టీ ఎత్తు నీటి మీద ఒకటి రెండు మీటర్లే. అసలు శత్రువు గాలి. పీల్చే గొట్టంలో ఎక్కడైనా అతుకు వదులైతే నీరు కారదు, గాలి లోపలికి పోతుంది. మోటారు రొద పెడుతుందే తప్ప చుక్క నీరు రాదు. అందుకే పీల్చే గొట్టం వ్యాసం మోటారు నోటి కంటే తక్కువ ఉండకూడదు, వంపులు వీలైనంత తగ్గించాలి, చివర ఫుట్‌వాల్వ్ బిగించాలి. వరి పొలానికి ఇంజను పెట్టిన ఏ రైతుకైనా ఇది తెలిసిందే.

తెలియనిది సరస్సు స్వభావం. వేంబనాడ్ సముద్రంతో కలిసిన నీరు. ఆటుపోట్లకు మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. గొట్టాన్ని స్తంభానికి కట్టేస్తే ఒక పూట అది గాలిలో వేలాడుతుంది, మరో పూట బురదలో దిగబడుతుంది. దీనికి చవకైన ఉపాయం ఉంది. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్మును తేల్చి, గొట్టం మూతిని దాని నుంచి అర మీటరు కిందికి వేలాడదీయాలి. నీటి మట్టంతో పాటే మూతీ కదులుతుంది. పైన తేలే డీజిలు జిడ్డుకు, అడుగునున్న బురదకు మధ్య కాస్త శుభ్రమైన నీరు అందుతుంది. గుర్రపుడెక్క వేర్లు చిక్కుకోకుండా మూతి చుట్టూ వెడల్పాటి జాలీ బుట్ట ఉండాలి. సన్న జాలీ ఒక్కటే పెడితే పది నిమిషాల్లో పూడుకుపోతుంది. పడవ మరుగుదొడ్డి గొట్టాలకూ, కడిగిన నీరు జారే చోటుకూ ఎంత దూరంగా పెడితే అంత మంచిది. ఈ చివరి మాట హాస్యంగా అనిపించవచ్చు కానీ, జాగా చాలని రేవుల్లో ఈ రెండు గొట్టాలూ ఇరుగుపొరుగులే.

ఇక ఉప్పు. వానాకాలంలో సరస్సు దక్షిణ భాగం దాదాపు మంచినీరే. వేసవిలో సముద్రపు నీరు ఎగదన్నితే అదే నీరు ఉప్పగా మారుతుంది. పోత ఇనుప ఇంపెల్లర్ ఉన్న ఇంటి మోటారును ఇక్కడ బిగిస్తే తుప్పు దాని పని పడుతుంది. కంచు, స్టెయిన్‌లెస్ స్టీలు లేదా గట్టి ప్లాస్టిక్ భాగాలున్న మోటారుకు ధర ఎక్కువైనా మన్నిక ఎక్కువ. ఉప్పు నెలల్లో పని అయ్యాక ఒక బకెట్టు మంచినీటితో మోటారు లోపల కడిగి వదిలేస్తే మరికొన్నాళ్లు బతుకుతుంది.

మోటారు పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. ప్రాణం సంగతి అలా కాదు. తడి చెక్కల మీద అతుకుల వైరు, వానకు తడిసే స్విచ్చి, ఎర్త్ లేని ప్లగ్గు జెట్టీ మీద ఉండకూడనివి. నీటిలోకి కరెంటు లీకైతే ఈత వచ్చినవాడి కండరాలు కూడా బిగుసుకుపోతాయి. పైకి అది మునక చావులాగే కనిపిస్తుంది. ఉప్పునీటిలో కంటే మంచినీటిలోనే ఈ ప్రమాదం ఎక్కువ. మంచినీటి కంటే మనిషి ఒంట్లోంచి కరెంటు సులువుగా పారుతుంది కాబట్టి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు, గట్టు మీద గూడు కట్టి పెట్టిన మోటారు, ఈ మూడూ లేకుండా స్విచ్చి వేయకూడదు. జెట్టీ కింద ఈత కొట్టే పిల్లలు యజమాని పిల్లలు కాకపోవచ్చు.

మోటారు వచ్చాక యజమానికి మరో ఆశ పుడుతుంది. నీరు ఎలాగూ ఉంది కదా, ప్రెషర్ వాషర్ తగిలిస్తే సగం సమయంలో పని తేలిపోతుంది. కెట్టువళ్లం విషయంలో ఇది పొదుపు కాదు, నష్టం. మలయాళంలో కెట్టు అంటే కట్టు, వళ్లం అంటే పడవ. అంజిలి చెక్క పలకలను మేకులు లేకుండా కొబ్బరినార తాడుతో కుట్టి కట్టిన పడవ ఇది. ధాన్యం మోసే ఈ పడవలే తర్వాత పర్యాటకులను మోయసాగాయి. చెక్కను కాపాడేది జీడిగింజల పెంకు నుంచి తీసిన నల్లటి పూత. ఒత్తిడితో దూసుకొచ్చే నీటిధార ఆ పూతను లేపేస్తుంది, కుట్ల మధ్య కూరిన నారను పీకేస్తుంది. ఊడిన పూత ఎక్కడికి పోతుంది? మళ్లీ సరస్సులోకే.

కథలో అసలు భాగం ఇక్కడే మొదలవుతుంది. నిమిషానికి 25 లీటర్లు వదిలే గొట్టం గంట సేపు నడిస్తే 1,500 లీటర్లు. పదిహేను లీటర్ల బకెట్టుతో లెక్కిస్తే అది వంద బకెట్లు. ఏ పనివాడూ మూడు గంటల్లో వంద బకెట్లు తోడి పడవ కడగడు. అంటే బకెట్టు బరువే ఒకప్పుడు సరస్సుకు రక్షణ. చేతులు నొప్పెట్టేవి కాబట్టి ముందు ఊడ్చేవారు, తర్వాత తుడిచేవారు, చివర్లో కడిగేవారు. మోటారు వచ్చాక ఊడ్చే పని కూడా నీటికే అప్పగించారు. అన్నం మెతుకులు, సిగరెట్ ముక్కలు, ఇంజను గది నూనె, డిటర్జెంటు నురగ అన్నీ ఒకే ధారలో పోతాయి.

అంత పెద్ద సరస్సు అంత చిన్న మురికిని కడుపులో దాచుకోలేదా? కొన్ని నెలలు దాచుకోలేదు. కుట్టనాడ్ వరి పొలాలు సముద్ర మట్టానికి దిగువన ఉంటాయి. ఉప్పునీరు వాటిలోకి రాకుండా 1970ల మధ్యనాటికి తన్నీర్‌ముక్కం దగ్గర సరస్సుకు అడ్డంగా బండ్ కట్టారు. సాధారణంగా డిసెంబర్ మధ్యలో దాని షట్టర్లు దించితే మార్చి దాకా, ఒక్కోసారి ఆ తర్వాత కూడా ఎత్తరు. ఆ కాలంలో దక్షిణ భాగానికి ఆటుపోట్లు ఆగిపోతాయి. నీరు నిలిచిపోతుంది, గుర్రపుడెక్క పరుచుకుంటుంది. సరిగ్గా అదే పర్యాటకుల సీజను. పడవలు ఎక్కువగా తిరిగి, ఎక్కువగా కడిగే నెలల్లోనే సరస్సు తలుపులు మూసుకుని ఉంటుంది.

ఈ మూసిన తలుపుల వెనక తెలుగువారి వాటా కూడా ఉంది. అది హౌస్‌బోట్లు ఎక్కే పర్యాటకులది మాత్రమే కాదు. శబరిమల కొండల కింద లక్షలాది అయ్యప్ప భక్తులు మునిగే పంపా నది ప్రవహించి చేరేది వేంబనాడ్‌కే. అచ్చన్‌కోవిల్, మణిమల, మీనచిల్ నదులూ బండ్‌కు దక్షిణాన్నే కలుస్తాయి. షట్టర్లు దిగేది మండల, మకరవిళక్కు దీక్షల కాలంలోనే. ఆంధ్ర, తెలంగాణల నుంచి వెళ్లిన భక్తుడు పంపలో వదిలింది కుట్టనాడ్ ఇల్లాలు గిన్నెలు తోముకునే రేవుకు చేరుతుంది. కొల్లేరు, వేంబనాడ్ రెండూ రామ్‌సర్ జాబితాలో చేరింది 2002 ఆగస్టులో ఒకే రోజున. చేపల చెరువులు కొల్లేరును ఎలా మింగాయో, 2006లో వాటి గట్లను ఎలా పగలగొట్టాల్సి వచ్చిందో తెలిసిన పాఠకులకు వేంబనాడ్ కథ కొత్తగా అనిపించదు. సరస్సును ఒక్క పెద్ద దెబ్బతో ఎవరూ చంపరు. ప్రతి ఒక్కరూ తన గట్టు వరకే చూసుకుంటారు, అంతే.

చట్టం మాటేమిటి? 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కలుషిత పదార్థాలను నీటిలో వదలడాన్ని నిషేధించింది. దాని నిర్వచనంలో నదులతో పాటు లోతట్టు జలాలన్నీ ఉన్నాయి. 2003లో వచ్చిన కేరళ సాగునీటి, జల సంరక్షణ చట్టం జల వనరులను ప్రభుత్వ ఆస్తిగా పేర్కొంది. అంతకు ముందే, 1996 డిసెంబర్‌లో, మనాలీ దగ్గర బియాస్ నది ఒడ్డునున్న ఒక మోటల్ కేసులో సుప్రీంకోర్టు ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. వేంబనాడ్‌లోనే నెడియతురుత్తు దీవి మీద నిబంధనలకు విరుద్ధంగా కట్టిన రిసార్టును కూల్చాలన్న తీర్పును 2020లో సుప్రీంకోర్టు సమర్థించింది. కూల్చివేత 2022 సెప్టెంబర్‌లో మొదలైంది. కానీ దీవి మీద రిసార్టు కంటికి కనిపిస్తుంది, ఉపగ్రహానికీ కనిపిస్తుంది. జెట్టీ కింద పావుగంట నురగ కక్కి ఆగిపోయే గొట్టం ఏ కోర్టుకు కనిపిస్తుంది? పడవకో ఇన్‌స్పెక్టర్‌ను పెట్టడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు.

కుట్టనాడ్‌కు మోటారు కొత్తది కాదు. పొలాల్లోని నీటిని పైనున్న కాలువలోకి తోడేందుకు ఇక్కడ బ్రిటిష్ కాలం నుంచి పెట్టియుం పరయుం అనే చెక్క పంపును వాడుతున్నారు. పెట్టి అంటే పెట్టె, పర అంటే పీపా. ఈ పంపు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో ఒక్క రైతు నిర్ణయించడు. ఒకే గట్టు లోపలున్న పొలాలన్నిటినీ కలిపి పాడశేఖరం అంటారు. ఆ రైతులంతా కూర్చుని తేల్చుకోవాలి. ఒకడు తొందరపడి తోడితే పక్కవాడి పొలం మునుగుతుంది. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కుట్టనాడ్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆ సేద్యం నిలిచింది గట్ల మీద ఎంతగానో, ఈ ఒప్పందాల మీదా అంతగానే. అదే నీటి మీద తిరిగే పడవల యజమానులకు మాత్రం అలాంటి కట్టుబాటు ఇంకా అలవాటు కాలేదు.

కట్టుబాటుకు పెద్ద ఖర్చేమీ లేదు. ముందు పొడిగా ఊడ్చాలి, ఇంజను జిడ్డును గుడ్డతో తుడిచి డబ్బాలో వేయాలి, ఆ తర్వాతే మోటారు వేయాలి. గొట్టం చివర నొక్కితేనే నీరు వచ్చే నాజిల్ బిగిస్తే నీటి వాడకం బాగా తగ్గుతుంది. డిటర్జెంటు ఎంత పచ్చ రంగు డబ్బాలో వచ్చినా చేపల మొప్పలకు మంచిది కాదు. డెక్కుకు గట్టి బ్రష్షు, కాస్త ఓపిక చాలు. సబ్బు తప్పనిసరైతే పడవను గట్టుకు చేర్చి, కడిగిన నీటిని కాలువ ద్వారా ఇసుక గుంటలోకి, అక్కడి నుంచి అరటి మొక్కల పాదుల్లోకి పంపాలి. సరస్సు నీటి గొట్టానికి వేరే రంగు వేసి, తాగునీటి పైపుతో ఎక్కడా కలవకుండా చూడాలి. ఆ నీటితో డెక్కు కడగవచ్చు, గ్లాసులు కాదు. ఎలుక జ్వరం తెలిసిన కుట్టనాడ్‌లో చేతికి గాయం ఉన్న పనివాడికి బూట్లు, తొడుగులు ఇవ్వడం దయ కాదు, బాధ్యత. ఒక్కో రేవులో పది మంది యజమానులు కలిస్తే ఒకే మంచి మోటారు, ఒకే ఇసుక గుంట అందరికీ సరిపోతాయి. పాడశేఖరం చేస్తున్నదీ ఇదే.

పన్నెండు కావస్తుంది. డెక్కు మెరుస్తుంటుంది. కొత్త అతిథులు కొబ్బరి బొండాలు పట్టుకుని పడవ ముందు కూర్చుని, నీళ్లు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో అనుకుంటారు. మలుపు తిరగ్గానే గట్టు మీద ఒక ఇల్లు, మెట్ల రేవు, నడుం లోతు నీళ్లలో బట్టలు పిండుకుంటున్న ఒక మహిళ కనిపిస్తారు. పర్యాటకులు ఆమెను ఫోటో తీసుకుంటారు. ఉదయం పడవ కడిగిన నీరు అప్పటికి ఆమె దగ్గరికి చేరి ఉంటుంది.