గోడ అవతలాయనకి చెప్పకుండా ఇల్లు అమ్మబోయాం

పెద్ద పోస్టు అండి. భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి. ఈసారి దాళ్వా గురించి కాదు, కొబ్బరికి తెల్లదోమ గురించీ కాదు. ఇల్లు అమ్మడం గురించి. మన కోనసీమలో ఏ ఊరెళ్ళినా వీధికి రెండు మూడు తాళాలేసిన ఇళ్ళు కనబడుతున్నాయి. రేపో మాపో మీలో చాలామందికి ఈ పని నెత్తిన పడుతుంది. అందుకే మా ఇంటి సంగతి దాచుకోకుండా రాస్తున్నాను.

మా పెదనాన్నగారి ఇల్లు. కొత్తపేట నుంచి లోపలికి రావాలి. తాతగారు కట్టించిన మండువా లోగిలి. పెరడుతో కలిపి 14 సెంట్లు. తొమ్మిది కొబ్బరిచెట్లు, ఒక పనసచెట్టు, నుయ్యి. పెద్దమ్మ పోయాక ఇంటికి తాళం పడింది. పెద్దన్నయ్య హైదరాబాదు, చిన్నన్నయ్య అమెరికా, అక్క కాకినాడ. ఊళ్ళో మిగిలింది నేనొక్కణ్ణే, కాబట్టి తాళంచెవి మా ఇంటి మేకుకి చేరింది. "తమ్ముడూ, ఎవరో ఒక ఏజెంటుకి అప్పజెప్పెయ్యి, మనకెందుకీ తలనొప్పి" అన్నారు అన్నయ్యలిద్దరూ. నేనూ సరే అన్నాను. ఇది రెండేళ్ళ కిందటి మాట. ఇల్లు ఇవాళ్టికీ అమ్ముడవలేదు.

ఏజెంటు అమలాపురంలో ఆఫీసు పెట్టుకున్న కుర్రాడు. పేరెందుకులెండి. మాట మంచిది, మర్యాద మంచిది. వచ్చిన రోజే డ్రోను ఎగరేసి వీడియో తీసేడు. మండువా మీంచి, కొబ్బరితోట మీంచి, కాలవ మీంచి చూపించి, వెనకాల వేణువు పెట్టేడు. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్న ఇల్లే, ఆ వీడియోలో చూస్తే నాకే కొనుక్కోవాలనిపించింది. లక్షమంది చూసేరట. "అన్నా, ఫోన్లు ఆగట్లేదు" అన్నాడు. నిజంగానే ఆగలేదు. షూటింగుకి నాలుగు రోజులిస్తారా అని ఒకాయన, మా అమ్మమ్మగారిల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చిందండీ అని ఒకావిడ, సంక్రాంతికి అద్దెకిస్తారా అని ఇంకొకరు. కొంటాను అన్నవాడు లేడు. ఆయ్, లైకు వేరు, బయానా వేరు.

చూడ్డానికి పదకొండు మంది వచ్చేరు. తాళం తీసింది నేనే కాబట్టి లెక్క గుర్తుంది. ఇంచుమించు అందరిదీ మొదటి ప్రశ్న ఒకటే, వరదొస్తే నీళ్ళొస్తాయా అని. 1986 ఆగస్టు వరదకి అరుగు రెండో మెట్టు దాకా వచ్చేయి, 2022 జూలై వరదకి వీధిలోకే రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేను. ఏజెంటు పక్కనుంచి "అన్నా, 86 సంగతి ఎందుకు" అని గొణిగేడు. మనం చెప్పకపోతే ఎదురింటి ముసలాయన చెప్పడా? గోదారి గట్టు కింద ఇల్లు కొనడానికొచ్చినవాడు ఈ ప్రశ్న అడక్కపోతేనే అనుమానించాలి, వాడు కొనడానికి రాలేదని అర్థం.

రెండో ప్రశ్న వాస్తు. నుయ్యి ఎక్కడుంది, వీధిపోటుందా అని. మూడోది కారు లోపలికొస్తుందా. మా గేటులో రిక్షా పడుతుంది. కారు పట్టాలంటే ఒక అరుగు కొట్టెయ్యాలి. ఈ మూడూ దాటినవాళ్ళు నలుగురు. ఆ నలుగురూ రేటు దగ్గర ఆగిపోయేరు.

అసలు గొడవంతా రేటు దగ్గరే ఉంది. అన్నయ్యలు అనుకున్నది 40 లక్షలు. ఏజెంటు ఏమన్నాడంటే, "మీకు నలభై చేతిలో పెడతాను. పైన ఎంతొస్తే అది నాది. మీరు కమీషన్ ఇవ్వక్కర్లేదు." వినడానికి ఎంత బావుందో చూడండి. పైసా ఖర్చు లేదు, మన నలభై మనకొస్తుంది. ముగ్గురం తలూపేం. అతను బయట చెప్పింది 58. ఆ సంగతి మాకు తొమ్మిది నెలలకి గాని తెలీలేదు. మా ఇల్లు ఎంతకమ్ముతున్నామో ఊరందరికీ తెలుసు, మాకే తెలీదు.

ఎలా తెలిసిందో కూడా చెప్తాను. ఆ ఇంటికి గోడ అవతల ఉన్నది మాకు వరసకి బాబాయ్. ఆయన కొడుకు కువైట్‌లో పదిహేనేళ్ళు పనిచేసేడు. మా పెదనాన్న పెరడు కలిసొస్తే బావుణ్ణని బాబాయ్ ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు, అది నాకూ తెలుసు. కానీ వాళ్ళకి అంత డబ్బెక్కడిదిలే అనుకున్నాను. వాళ్ళేమో 58 అని విని మనవల్ల కాదని ఊరుకున్నారు. ఒకరోజు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతానికెళ్తే ప్రసాదం పెడుతూ చెప్పేడు, అబ్బాయి అమలాపురంలో ఫ్లాటు తీసుకున్నాడు, 38 లక్షలైంది అని. నేను ఊరికే అన్నాను, "బాబాయ్, ఆ డబ్బుకి ఇంకో రెండేస్తే మా పెదనాన్న ఇల్లే వచ్చేది గదా" అని. ఆయన గిన్నె పక్కనపెట్టి "యాభై ఎనిమిదన్నారు గదరా" అన్నాడు. "నలభై అని ఒక్కమాట నాతో అని ఉంటే పోయేది గదరా అబ్బాయ్."

నాకా ప్రసాదం గొంతు దిగలేదండి. ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయ్యి అప్పటికి పన్నెండు రోజులు.

మనం రైతులం, మనకి దలారీలు కొత్త కాదు. దింపు దింపి కాయ అంబాజీపేట పంపిస్తాం. వెయ్యి కాయలు ఇవాళ ఎంత పలుకుతోందో తోటలో ఉన్న కూలీకి కూడా తెలుసు. దలారీ తన ఖర్చులు, తన రూపాయి తీసుకుంటాడు, అది కనబడుతుంది. పోనీ ఎక్కువ తీసుకున్నాడనుకుంటే వచ్చే దింపు ఇంకొకడికి వేస్తాం. "నీకు ఇంతిస్తాను, నేనెంతకమ్మేనో అడక్కు" అని కొబ్బరికాయ వర్తకుడంటే మనం ఊరుకుంటామా? అట్లాంటిది తాతగారి ఇంటి దగ్గరకొచ్చేసరికి ఊరుకున్నాం. కాయకున్న తెలివి ఇంటికి లేకపోయింది.

ఏజెంట్లందరూ మోసగాళ్ళని నేననను. దూరం నుంచి కొనేవాణ్ణి తీసుకురావాలంటే వాళ్ళే గతి. మన ఫోనులో ఉన్న నూటయాభై నంబర్లలో రాజమండ్రి వాళ్ళెందరు, భీమవరం వాళ్ళెందరు? కానీ వాళ్ళ అసలు వ్యాపారం లేఅవుట్లండి. ఒక లేఅవుట్లో వంద ప్లాట్లుంటాయి. అన్నిటికీ ఒకటే కాయితం, ఒకటే కమీషన్ లెక్క. పాత ఇల్లు ఒక్కటే ఒకటి. దానికి నాలుగు సంతకాలు, పది అనుమానాలు. మా ఇల్లు చూసివెళ్ళిన వాళ్ళలో ఇద్దరు రావులపాలెం వైపు అదే ఏజెంటు దగ్గర స్థలం కొనుక్కున్నారని తర్వాత తెలిసింది. ముందు 58 లక్షల పెంకుటిల్లు చూపిస్తే, ఆ తర్వాత చూపించే ప్లాటు చవగ్గా అనిపించదా మరి! రెండేళ్ళపాటు మా ఇంటిని గేలానికి ఎర గుచ్చినట్టు గుచ్చేరు. అతను కావాలని చేసేడో, అలా కలిసొచ్చిందో తెలీదు. ఎలా జరిగినా చేప పడింది అతనికి.

పెద్దన్నయ్య ఒకసారి ఆవేశపడి రెరాలో కేసు పెడదాం అన్నాడు. 2016లో వచ్చిన ఆ చట్టం కింద ఏజెంట్లు రిజిస్టరవ్వాలన్న మాట నిజమే. అయితే అది రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మేవాళ్ళకి. మన తాతగారి ఇల్లు ప్రాజెక్టు కాదు గదా. కాబట్టి పాత ఇంటికి మనం రాసుకున్న కాయితమే మనకి దిక్కు. మేమసలు రాసుకోనేలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే, ఏజెంటు తన యజమాని అడిగితే లెక్క చెప్పాలని ఉంది. అంటే అడిగే హక్కు మాకు మొదట్నుంచీ ఉంది. "పైన ఎంతొచ్చినా నీదే" అని ఆ హక్కుని మేమే వదిలేసుకున్నాం.

ఇంతవరకూ ఏజెంటుని అన్నాను, ఇక మమ్మల్ని మేం అనుకోవలసింది ఉంది.

నలుగురిలో ఒకాయన గట్టివాడు. రావులపాలెంలో వ్యాపారం. బేరమాడి కాయితాలు పంపండి, లాయరుకి చూపిస్తాను అన్నాడు. అప్పుడు తీసేం పెట్టె. తాతగారి తర్వాత పెదనాన్న, మా నాన్న పంచుకున్నది పెద్దమనుషుల ముందు రాసుకున్న కాయితం, రిజిస్టరు కాలేదు. ఇంటిపన్ను ఇంకా పెదనాన్న పేరునే ఉంది. ఇల్లున్న చోటు గ్రామకంఠం, పెరడు మాత్రం సర్వే నంబరు. ఈసీ తీస్తే కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్ళి పాత పుస్తకాల్లో వెతికించుకోవాలి. పెదనాన్న వీలునామా రాయలేదు కాబట్టి అక్కకీ సమాన వాటా ఉంది. ఈ రెండేళ్ళలో అక్కని ఎవరం ఒక్క మాట అడగలేదు! ఆడపిల్ల, దానికి ఇచ్చింది ఇచ్చాం గదా అని అనుకోవడమే. లాయరు అడిగేకనే గుర్తొచ్చింది మాకు. అక్క ఏమీ అనలేదు, సంతకం పెడతానంది. అనకపోవడమే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

చిన్నన్నయ్య రాలేడు కాబట్టి పవరాఫ్ అటార్నీ పంపాలి. అక్కడ మన కాన్సులేటులో ధ్రువీకరణ చేయించి పంపితే, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలి. మొదటిసారి పంపింది ఆయన పెట్టెలో పెట్టుకుని మర్చిపోయాం, గడువు దాటిపోయింది. పైగా విదేశంలో ఉన్నాయన వాటా డబ్బులోంచి కొనేవాడే పన్ను పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అది వినగానే సగం మంది "ఈ గోల మనకెందుకు" అంటారు. రావులపాలెం ఆయన ఆరు నెలలు ఓపిక పట్టేడు. మంచాయన. ఆఖరికి ఫోను చేసి "ఏమనుకోకండి, మా పిల్లది పెళ్ళి కుదిరింది" అన్నాడు.

కొనేవాడి ఇబ్బంది కూడా చూడండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, కలిపితే ఏడున్నర. 40 లక్షల మీద 3 లక్షలు. బ్యాంకాయన వచ్చి చూసి, మట్టిగోడలు, పెంకు, గ్రామకంఠం, దీనికి అప్పు మీద ఆశ పెట్టుకోకండి అని మొహమాటం లేకుండా చెప్పేడు. అంటే కొనేవాడు మొత్తం చేతిలో పట్టుకుని రావాలి. అంత డబ్బు చేతిలో ఉన్నవాడు అమలాపురంలోనో కాకినాడలోనో కొనుక్కుంటాడు. మన ఊళ్ళో పాత ఇల్లు కొనేవాడికి ఇంకేదో కారణం ఉండాలి. గోడ కలవాలి, లేదా పక్కనే చేనుండాలి, లేదా పుట్టిన ఊరు మీద మమకారమన్నా ఉండాలి. అలాంటివాళ్ళు ఊరికి పదిమంది కంటే ఉండరు. వాళ్ళని డ్రోనుతో వెతకక్కర్లేదు. సాయంత్రం పాలకేంద్రం దగ్గర నిలబడితే ఆరుగురు కనబడతారు.

మరి నాకెందుకు చెప్పాలనిపించలేదు? నిజం చెప్తాను. పరువు. పెదనాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టారంట అని ఊళ్ళో అనుకోకూడదని. ఏజెంటుకిస్తే ఎక్కడో దూరపు వాడొచ్చి కొనుక్కుపోతాడు, మనం మొహం చూపించక్కర్లేదని. ఆ మొహమాటం ఖరీదు మాకు రెండు వర్షాకాలాలు. తాళమేసిన మండువా ఎంత తొందరగా పాడవుతుందో మీకు తెలుసు. 2025 అక్టోబరు చివర మొంథా తుఫానుకి పడమటి వసారా పెంకు లేచిపోయింది. మండువాలో పడాల్సిన నీళ్ళు గదిలో పడ్డాయి. దూలం చివర చెదలు పట్టింది. 1996 తుఫానుకి ఊళ్ళో సగం ఇళ్ళు దెబ్బతింటే దీంట్లోనే నలభై మంది తలదాచుకున్నారు. అప్పుడు చెక్కుచెదరని ఇల్లు, మనిషి లేక పాడవుతోంది.

ఈమధ్య ఇంకో రకం వాళ్ళు వస్తున్నారు, ఇల్లు విప్పుకునేవాళ్ళు. టేకు స్తంభాలు, గుమ్మాలు, దూలాలు, కిటికీ ఊచలతో సహా లెక్కగట్టి 6 లక్షలిస్తామన్నారు. హైదరాబాదు పక్కన ఫామ్‌హౌసులకట. "విప్పేస్తే ఖాళీ స్థలం అవుతుంది, స్థలమైతే తొందరగా పోతుంది" అన్నారు. అది అబద్ధం కాదు. పెద్దన్నయ్య కూతురి చదువుకి డబ్బు కావాలి, ఆయన్ని తప్పుపట్టలేను. నేను మాత్రం ఆర్నెల్లు ఆగమని అడిగేను.

ఆ ఆర్నెల్లకి మేం చేసుకున్న ఏర్పాటు ఇది. ముగ్గురూ కూచుని (చిన్నన్నయ్య ఫోనులో) 37 లక్షలని ఒక్క రేటు అనుకున్నాం. అక్క వాటా అక్కకి. ఆ రేటు ఊళ్ళో అందరికీ చెప్పేశాను, గుడి దగ్గర, పాలకేంద్రం దగ్గర, చుట్టాల పెళ్ళిలో. ఏజెంటుని మానలేదు, కానీ కాయితం రాసుకున్నాం. రెండు శాతం, తొంభై రోజులు గడువు, బయట చెప్పే రేటు మేం చెప్పిందే, మేం తెచ్చుకున్న బేరానికి అతనికి హక్కు లేదు. పాతాయన ఒప్పుకోలేదు, ఇంకొకాయన ఒప్పుకున్నాడు. ఈసీ, వారసుల ధ్రువపత్రం, అక్క అంగీకారం, అమెరికా పవరు (ఈసారి స్టాంపు గడువులోనే వేయించాం) ఒక సంచిలో పెట్టి ఉంచేను. గ్రామకంఠం ఇళ్ళకి కార్డులిచ్చే స్వామిత్వ పథకం 2020 ఏప్రిల్‌లో మొదలైంది. మా ఊళ్ళో కొలతలయితే అయ్యాయి, కార్డు చేతికి రావాలి.

రేటు చెప్పేసిన మూడో రోజు బాబాయ్ వచ్చి, మొత్తం కొనలేను గాని పెరట్లో నాలుగు సెంట్లు విడిగా ఇస్తే తీసుకుంటానన్నాడు. ఇవ్వొచ్చా, ఇస్తే మిగతాది అమ్ముడవుతుందా అని అన్నయ్యలతో మాట్లాడుతున్నాను. ముక్తేశ్వరం నుంచి ఒకాయన ఆదివారం చూడ్డానికొస్తానన్నాడు. ఈలోపు పడమటి వసారా పెంకు నేయించాలి. పెంకు నేసేవాడి కోసం మూడు ఊళ్ళు తిరిగేను, దొరకలేదు. మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి, రేపే రమ్మంటాను.