మిషను నీళ్ళు వదలకపోతే...

మొన్న మా ఇంట్లో జరిగిన సంగతి. సాయంత్రం వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి వంటలో పడ్డాను. గంటన్నర తర్వాత చూస్తే మిషను 'గుంయ్' మంటోంది గానీ నీళ్ళు పోవడం లేదు. మాది ముందువైపు తలుపున్న మిషను. లోపల నీళ్ళున్నంతసేపు తలుపు రాదు. మర్నాడు పొద్దున్నే మా అమ్మాయికి విశాఖలో ఇంటర్వ్యూ. వేసుకెళ్ళాల్సిన చుడీదారు అందులోనే ఉండిపోయింది!

మెకానిక్కుకి ఫోను చేస్తే, "పంపు పోయుంటాదమ్మా, కొత్తది వెయ్యాలి, రెండు వేలవుతాది. రేపు మధ్యాహ్నం వస్తాను" అన్నాడు. నెలాఖరులో రెండు వేలంటే మాటలా! పక్కింటి వదిన వచ్చి, "ఏటమ్మా కంగారు, మిషనుతో ఇచ్చిన పుస్తకం తీసి చూడు ముందు" అంది. ఆ మాటే మమ్మల్ని గట్టెక్కించింది.

నీళ్ళను బయటికి తోసే పంపుకి ముందు ఒక జల్లెడ ఉంటుంది. చాలా మిషన్లకి ఇది ముందువైపు అడుగున చిన్న మూత వెనక ఉంటుంది. ఇలా శుభ్రం చెయ్యాలి:

1. స్విచ్చి ఆపి ప్లగ్గు పీకెయ్యండి. తడి చేత్తో ముట్టుకోవద్దు. కుళాయి కట్టెయ్యండి. వేడినీళ్ళ ఉతుకైతే చల్లారేదాకా ఆగండి.

2. మూత కింద లోతు తక్కువున్న పళ్ళెం, పాతగుడ్డలు పెట్టండి. పక్కన చిన్న గొట్టం ఉంటే దాని బిరడా తీసి ముందు నీళ్ళు వదలండి.

3. జల్లెడని ఎడమవైపుకి మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తీస్తే ఇల్లంతా చెరువే! నీళ్ళు రాగానే మళ్ళీ బిగించి, పళ్ళెం పారబోసి, మళ్ళీ వదలండి.

4. జల్లెడని పాత పళ్ళబ్రష్షుతో తోమండి. లోపల టార్చి వేసి చూడండి. చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. దానికి చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసి, వేలితో కదిపి చూడండి. ఆగి ఆగి తిరిగితే భయపడొద్దు, లోపల అయస్కాంతం వల్ల అలాగే తిరుగుతుంది.

5. జల్లెడ గట్టిగా బిగించి, ఒక్క 'స్పిన్' పెట్టి, కింద కారుతోందేమో చూడండి.

మా జల్లెడలో ఏం దొరికాయో తెలుసా? రూపాయి బిళ్ళ, చొక్కా గుండీ, వెంట్రుకల ముద్ద, ఒక పిన్నీసు. జేబులు చూసుకోరని మా వారినీ అబ్బాయినీ సాధించిన నేను నోరు మూసుకున్నాను. పిన్నీసు నా చీరదే! చుడీదారు రాత్రి ఫ్యాను కింద ఆరింది. అమ్మాయి పొద్దున్నే రైలెక్కింది.

అప్పటికీ నీళ్ళు పోకపోతే వెనకాల గొట్టం మడత పడిందేమో, గోడకి నొక్కుకుపోయిందేమో చూడండి. పంపు అసలు శబ్దమే చెయ్యకపోతే తీగో మోటారో పాడై ఉండొచ్చు. అది మనపని కాదు, మెకానిక్కునే పిలవండి.

పైనుంచి బట్టలు వేసే మిషన్లలో చాలావాటికి పంపే ఉండదు. అడుగున మూత తెరుచుకుంటే నీళ్ళు వాటంతటవే దిగిపోతాయి. అలాంటివాటికి గొట్టాన్ని ఎత్తులో కడితే నీళ్ళు పోవు. రెండు తొట్ల మిషన్లో నీళ్ళు నిలవకుండా కారిపోతుంటే, అడుగున రబ్బరు బిరడాలో దారపు పీచు ఇరుక్కుందేమో చూడాలి.

మా గరివిడి చుట్టుపక్కల మాంగనీసు గనులున్న ఊళ్ళు. డ్యూటీ బట్టల జేబుల్లో నల్లమట్టి, ఇసుక మామూలే. అలాంటివి బయట దులిపి, ఒకసారి జాడించి వెయ్యండి. జేబులు తిరగెయ్యండి. జాకెట్ల హుక్కులు పెట్టెయ్యండి. మేజోళ్ళు, చేతిరుమాళ్ళు వలసంచిలో వెయ్యండి. చేత్తో ఉతికే పొడి మిషన్లో వెయ్యొద్దు. నురగ ఎక్కువైతే పంపు నీళ్ళను తోడలేదు.

నెలకోసారి పావుగంట ఈ పనికి కేటాయించండి. మెకానిక్కుని పిలిచే ముందు ఆ చిన్న మూత తీసి చూడటం మాత్రం మరవకండి.