ఉచితవిద్యకు ముందొక యేడు

పండ్రెండవ తరగతి ముగించిన బాలుని తండ్రి చెవిని నేడు తరచుగా పడుచున్న మాట యొకటి గలదు: జర్మనీలో చదువు ఉచితమని. ఈ మాట పూర్తిగా అసత్యము కాదు. కాని సగము సత్యమును నమ్మి పొలము తాకట్టు పెట్టుట క్షేమము కాదని మేము హెచ్చరింపవలసి యున్నది.

మన పండ్రెండవ తరగతి పట్టా మాత్రముతో అచ్చటి విశ్వవిద్యాలయ ప్రవేశము సాధారణముగా లభింపదు. స్టూడియెన్‌కొలెగ్ అను సన్నాహక విద్యాలయమున రెండు సెమిస్టర్లు చదివి, యోగ్యతాపరీక్షలో కృతార్థుడు కావలయును. అందు చేరుటకు ప్రవేశపరీక్ష వేరు. అంతకుముందే జర్మను భాష నేర్వవలయును. ప్రభుత్వ విద్యాలయములలో బోధనరుసుము ప్రాయికముగా లేదు. ప్రయివేటువారు వేలకొలది యూరోలు పుచ్చుకొందురు.

రుసుము లేకున్న వ్యయము లేదా? చదువునకై వీసా కోరువాడు బ్లాక్డ్ అకౌంటులో ఏడాదికి 11,904 యూరోలు ముందుగా జమచేసి చూపవలెనని 2024 సెప్టెంబరున నిర్ణయించిరి. యూరో నూరు రూపాయలుగా నెంచిన, ఇది 11,90,400 రూపాయలు. అందుండి నెలకు 992 యూరోలు మాత్రమే చేతికి వచ్చును. అద్దె, భోజనము, ఆరోగ్య బీమా, పుస్తకములు అన్నియు అందులోనే. ఇంటి యజమాని మూడు నెలల అద్దెవరకు అడ్వాన్సు కోరుటకు అచ్చటి చట్టము సమ్మతించుచున్నది. విమానఖర్చు, వీసా రుసుము, ధ్రువపత్రముల పరిశీలనకగు ఖర్చు ఈ అకౌంటునకు వెలుపలివి. కావున ఈ మొత్తము సర్కారు కోరు కనిష్ఠమే గాని, కుటుంబము వేసికొనవలసిన బడ్జెట్టు కాదు.

ఇక పరీక్ష తప్పినచో? ఒక్కమారు మాత్రమే తిరిగి వ్రాయనిత్తురు. అర్ధసంవత్సరము హెచ్చిన పక్షమున పైలెక్క ప్రకారమే ఆరు లక్షల రూపాయలు హెచ్చును. పనిచేసి సంపాదింతునను కుఱ్ఱవాడు, వారమునకు సుమారు ముప్పది గంటల పాఠములుండునని మరువరాదు. నెగ్గిన పిదపనైనను ఉచితమను మాట సర్వత్ర చెల్లదు. బాడెన్‌వుర్టెంబర్గు రాష్ట్రమున 2017 నుండి ఐరోపా సమాఖ్యకు వెలుపలి విద్యార్థులు సెమిస్టరునకు 1,500 యూరోలు చెల్లించుచున్నారు.

మార్గాంతరము లేకపోలేదు. మన దేశమున గుర్తింపుగల విశ్వవిద్యాలయమున డిగ్రీ మొదటి సంవత్సరమును చక్కగా ముగించినవారికి, సన్నాహక విద్యతో పనిలేకయే అదే శాఖలో ప్రవేశార్హత లభింపవచ్చును. ఆ యేడు బాలుడు ఇంటి అన్నము తినుచు, సాయంకాలములందు జర్మను భాష నేర్చుకొనవచ్చును. అయితే ఈ సంగతిని చేరగోరిన విశ్వవిద్యాలయమునకే వ్రాసి తెలిసికొనుడు. కమీషను పుచ్చుకొను దళారిని అడుగకుడు.

మేము విదేశవిద్యకు విరోధులము కాము. విద్య యెచ్చట నున్నను పోయి తెచ్చుకొనవలసినదే. మేము కోరునది, ఏరు దాటుటకు ముందు లోతు చూడుమని మాత్రమే. తలిదండ్రులారా! సన్నాహక సంవత్సరము మొదలు పట్టా చేతికి వచ్చువరకు ప్రతి నెలకును పద్దు వ్రాయుడు. పరీక్ష తప్పిన ఆరు నెలలకు కూడ అందొక పద్దు ఉండవలెను. ఆ కాగితమును బిడ్డకు చదివి వినిపింపుడు. అప్పటికిని ధైర్యము నిలిచినచో, నిశ్చింతగా పంపుడు.