గడియారం కాదు, నేల చెప్పాలి

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, వాన అరుదుగా కురిసే కోచెల్లా లోయ ఎడారిలో, వందకు పైగా గోల్ఫ్ మైదానాలు కొలరాడో నది నీటితోనూ, భూగర్భ జలాలతోనూ, శుద్ధి చేసిన మురుగునీటితోనూ పచ్చగా నిలుస్తున్నందున, అక్కడి పచ్చికకు నీరు ఎప్పుడు పెట్టాలో గడియారం కాక నేలే నిర్ణయించడం న్యాయం. నేలలో పాతిన తేమ సెన్సర్ ఆ నిర్ణయానికి ఆధారమిస్తుంది: విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎంతగా స్పందిస్తుందో తెలిపే రోధక స్థిరాంకం నీటికి దాదాపు 80, పొడి మట్టి ఖనిజాలకు సుమారు 3 నుంచి 5 మాత్రమే ఉంటుంది కాబట్టి, లోహపు కడ్డీల వెంట పంపిన విద్యుదయస్కాంత తరంగం తడి నేలలో నెమ్మదిగా, పొడి నేలలో వేగంగా సాగుతుంది, ఆ ప్రయాణకాలాన్ని బట్టి మట్టి ఘనపరిమాణంలో నీరు ఎంత శాతమో తెలుస్తుంది. అదనపు నీరు కిందికి దిగిపోయాక నేల పట్టి ఉంచుకోగల తేమను క్షేత్ర సామర్థ్యమనీ, వేళ్లు ఇక నీటిని పీల్చుకోలేని స్థాయిని వడలు స్థానమనీ అంటారు. ఈ రెండింటి నడుమ పచ్చిక ఒత్తిడికి లోనుకాని హద్దును గుర్తించి, తేమ అక్కడికి దిగినప్పుడే నీరు వదలడం అసలైన పొదుపు. అయితే బంతిని గుంటలోకి చేర్చే నున్నని గ్రీన్‌కూ, విశాలమైన ఫెయిర్‌వేకూ మట్టి స్వభావం వేరు గనుక ఒక్క సెన్సర్ మైదానమంతటికీ సాక్ష్యం చెప్పలేదు. పైగా నీటిలోని లవణాలు కొన్ని రకాల సెన్సర్ల కొలతను తప్పుదారి పట్టించగలవు, వేళ్ల దగ్గర పేరుకున్న ఉప్పును కడగడానికి అప్పుడప్పుడు అదనపు నీరూ కావాలి. అందువల్ల పరికరాన్ని స్థానిక మట్టితో సరిచూసి, అనుభవజ్ఞుల పరిశీలనతో జోడించి వాడాలి. ఎడారిలో ఆట కోసం నీరు వాడే అర్హత, ప్రతి చుక్కకూ లెక్క చెప్పగలిగినవారికే ఉండాలి.