ఈరమ్మగారి కథ విన్న రాత్రి

అభిమాన గాయకుల పాటను యంత్రమున వినుట వేఱు, వారి యెదుట కూర్చుండి వినుట వేఱు. ఈ భేదమును మాకు తెలిపినది పట్టణపు సంగీత సభ కాదు, మన బళ్ళారి జిల్లాలోని ఒక పల్లె జాతర. తెలిపినవారు బుర్రకథ ఈరమ్మగారు.

సండూరు తాలూకాలోని దరోజి గ్రామము ఆమెది. బుడగ జంగముల ఇంట పుట్టిరి. ఊరూరు తిరిగి కథ చెప్పుట ఆ కులమువారి వృత్తి. వారి ఇంటి భాష తెలుగు. ఆమె బడి యెఱుగరు, అక్షరము చదువరు. అయినను పండ్రెండు జానపద కావ్యములు ఆమె నోటనుండెను. అవి యన్నియు వ్రాసిన ఏడువేల పుటలగునని చెప్పుదురు. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ ప్రశస్తియు, 2003లో హంపి కన్నడ విశ్వవిద్యాలయపు ‘నాడోజ’ గౌరవమును ఆమెను వరించినవి. 2014 ఆగష్టు 12న ఆమె పరమపదించిరి.

పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని, ఈ జిల్లాలో మేము కొలువున చేరిన క్రొత్తలో ఆమె కథ వినుట తటస్థించెను. బుర్రకథ యనిన మాకు నాజరుగారే తెలియును. అది ఆంధ్రుల సొత్తని మా తలంపు. ఆ రాత్రి పందిటిలో నిలిచినవారందఱు స్త్రీలే. నడుమ ఈరమ్మగారు, ఇరుప్రక్కల వంత పాడుచు ఆమె కుటుంబమువారు. ఎత్తుకొన్నది కుమారరాముని కథ. పదునాలుగవ శతాబ్దపు ఆ వీరుని కంపిలి మన జిల్లాలోనిదే గదా!

కథ కన్నడమున నడచెను. మాకప్పటికి కన్నడము అంతంత మాత్రము. అయినను లేవలేకపోతిమి. పొలమున ఈ గట్టు నుండి ఆ గట్టునకు పిలిచినట్టి గొంతు ఆమెది. సవతితల్లి కుమారరామునిపై నింద మోపిన ఘట్టమునకు వచ్చుసరికి, మా ప్రక్కనున్న ముసలమ్మ, ఎన్నిమార్లు విన్న కథయో ఏమో, కొంగుతో కన్నులొత్తుకొనెను.

నడుమ కొంత విరామము. మంచినీరు త్రాగుచు ఆ స్త్రీలు తమలో తాము మాటలాడుకొనిరి. అది తెలుగు! కన్నడపు పలుకులు కలసిన, మన పాఠ్యపుస్తకము ఒప్పుకొనని తెలుగు. ఆనాటి ఉదయమే మా తరగతిలో అట్టి తెలుగు వ్రాసిన ఒక బాలుని పుస్తకమంతయు ఎఱ్ఱసిరాతో దిద్ది, “ఇదియును ఒక తెలుగేనా?” అని గద్దించి యుంటిమి. మేము తప్పని కొట్టివేసిన మాటలతోనే ఇంత విద్య పెరిగినది. ఆ చీకటిలో మా సిగ్గు ఎవరికిని కనబడలేదు.

1953 అక్టోబరు 1న ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును చేరినవి. ఇంట తెలుగు మాటలాడి ఊర కన్నడమున కథ చెప్పువారు ఏ ప్రక్కవారని నిర్ణయింపవలెను? తెలుగింటి ఆడపడుచు కన్నడమున పాడుట మన భాషకు నష్టమని కొందఱు పెద్దలందురు. మా అభిప్రాయమది కాదు. వినువారి భాషలో చెప్పుట కథకుని ధర్మము. దానివలన ఆమె ఇంటి తెలుగునకు లోపమేమియు రాలేదు. నిజమైన నష్టము వేఱొకచోట నున్నది. తాత తంబుర పట్టెనని చెప్పుకొనుటకు జంకు బాలుడు మన బడిలో నున్నచో, ఆ నష్టమునకు ఉపాధ్యాయులమైన మేమును బాధ్యులమే.

ప్రామాణిక భాష నేర్పవలదని మేమనుట లేదు. పరీక్షకు, పై చదువునకు, గ్రంథపఠనమునకు అది కావలెను. కాని నేర్పుటకు ముందు వినవలెను. బడి వార్షికోత్సవమునాడు యంత్రపు పాటలకు గంతులు వేయించుటతో తృప్తిపడుచున్నాము. సంవత్సరమునకొక్కమారు మన జిల్లాలోని కథకులను పిలిచి, తగిన పారితోషికమిచ్చి, తెలుగు, కన్నడ విద్యార్థులను ఒక్కచోట కూర్చుండబెట్టి కథ వినిపింపరాదా?

మఱునాడు ఆ కథను ప్రతి విద్యార్థియు తన ఇంటి మాటలలోనే వ్రాసి తేవలెను. ఆ పుస్తకములు చదువునపుడు ఎఱ్ఱసిరా కలమును బల్ల సొరుగులోనే ఉంచెదమని మేము మాట ఇచ్చుచున్నాము.